తంతి తాత అర్జీ

జూన్ 5, గురువారం

కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాను. కళ్లద్దాలు మార్చుకుందామని వెళ్లిన దాన్ని మూడు గంటలు కూర్చోబెట్టాడు. కళ్లలో మందు చుక్కలు వేశారు. తలని పెద్ద తెల్లగిన్నె లాంటి మిషన్లో పెట్టించి, వెలుగుచుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. చాలాసేపు ఏ చుక్కా రాలేదు. మిషను పాడైందేమో అన్నాను. డాక్టరు నవ్వలేదు.

"రేచీకటి ఎప్పట్నుంచి ఉందమ్మా?"

"నాకు రేచీకటేంటండీ" అన్నాను.

కంటి వెనకాల పొర అంచుల నుంచి లోపలికి ఎండిపోతూ వస్తోందట. మధ్యలో చూపు ఇంకా బాగానే ఉందట. బాగానే ఉందని ఆయనే అన్నాడు. "ఇది ఎక్కువగా వంశంలో వచ్చేది. మీ వాళ్లలో ఇంకెవరికైనా ఉందేమో పై తరాల దాకా అడిగి తెలుసుకోండి. మీకోసం కాదు, మీ తర్వాతి వాళ్ల కోసం" అన్నాడు.

మాకు పిల్లల్లేరండీ అని చెప్పి లేచొచ్చేశాను. బస్సులో సగం దూరం వచ్చాక తమ్ముడి కూతురు గుర్తొచ్చింది.

మా ఆయనతో కళ్లద్దాల నంబరు మారిందని చెప్పాను. "నంబరేగా, మనిషి మారలేదుగా" అన్నాడు. రోజంతా లిఫ్టులు బాగుచేసి వచ్చే మనిషికి ఇంటికొచ్చాక జోకులకేం తక్కువ.

జూన్ 8, ఆదివారం

పెద్దత్త ఇంటికి వెళ్లాను. నాన్నకి అక్క. ఎనభై మూడేళ్లు. బళ్లో డ్రాయింగు టీచరుగా చేసి రిటైరైంది. ముందుగదిలో గోడ నిండా మా వంశవృక్షం ఆవిడ చేత్తో గీసిందే ఉంటుంది, ఆకులతో సహా. పైన మొదటి పేరు తంతి తాతది. మా తాతకి తాత. తెల్లదొరల కాలంలో తంతి ఆఫీసులో సిగ్నలరు, అంటే టెలిగ్రాం మిషను టకటకలు విని వార్తలు రాసుకునే మనిషి.

"కళ్లా? మన వంశంలో కళ్ల జబ్బులేంటే! నన్ను చూడు, సూదిలో దారం నేనే ఎక్కించుకుంటా."

"మరి తంతి తాతకి చూపు పోయిందంటారుగా అత్తా?"

"అది జబ్బు కాదు, ప్రమాదం. బ్యాటరీలో ఆసిడ్ ఎగిరి కళ్లలో పడింది. ఇంకొకడైతే ఏడుస్తూ ఇంట్లో కూర్చునేవాడు. ఆయన పదకొండేళ్లు చేశాడు ఉద్యోగం, రెండు కళ్లూ లేకుండా. చెవితో వినడం, తడుముకుని రాయడం. ఒక్క వార్త తప్పు పోలేదు. ఒక్క దొరకి అనుమానం రాలేదు. ఎవరికైనా చెప్పుకున్నాడా? ఊహూ. అదీ మనిషంటే."

ఈ కథ చిన్నప్పట్నుంచీ విన్నదే. ఇవాళ మాత్రం కూర్చున్న చోటి నుంచి కదల్లేకపోయాను. పదకొండేళ్లు! ఎంత గుండెధైర్యం ఉండాలి, ఎంత ఒడుపు ఉండాలి. నిటారుగా కూర్చుని, దొర వచ్చి ఎదురుగా నిలబడితే చప్పుడును బట్టి అటే ముఖం తిప్పి నమస్కారం పెట్టే మనిషిని ఊహించుకుంటూ ఉండిపోయాను.

చార్టులో ఆయన పక్కన భార్య చోటు ఖాళీగా ఉంది. అడిగితే, "ఆవిడ సంగతి ఎవరికి తెలుసే. వంట చేసుకుంటూ ఉండేది కాబోలు" అంది.

నాన్నకి చీకట్లో కనపడేదా అని కూడా అడిగాను. పెద్దత్త నా వైపు చూడకుండా, "మీ నాన్న పొద్దు వాలేసరికి ఇల్లు చేరే మనిషి. పెళ్లామంటే అంత ప్రేమ" అని కాఫీ కలపడానికి లేచింది.

తంతి తాత ఎవరికీ చెప్పలేదు. ఒక్కటీ తప్పు పోలేదు.

జూన్ 9, సోమవారం

మా ఆయన మెట్ల అంచులన్నిటికీ తెల్లరంగు పూస్తున్నాడు. ఎందుకంటే మిగిలిన రంగు డబ్బాలో ఎండిపోతోందట. ఉన్నట్టుండి ఈ రంగుల పిచ్చేంటో.

జూన్ 17, మంగళవారం

ఆస్పత్రి ల్యాబులో నా డ్యూటీ రెండింటికల్లా అయిపోతుంది. అట్నుంచి అటే పాత రికార్డుల ఆఫీసుకు వెళ్లాను. పెద్దత్త మాటలతో డాక్టరుకి పని జరగదు. కాగితం కావాలి. అసలు సంగతి అది కాదేమో. నాకు తంతి తాతని చూడాలనిపిస్తోంది.

పొడుగాటి గది, కప్పు దాకా ఇనప బీరువాలు, కిటికీలు ఒక పక్కనే. గుమాస్తా చేతులకి నల్లటి తొడుగులు వేసుకుని ఉన్నాడు. వచ్చే ఏడు రిటైరవుతాడట. "నన్నిక్కడ అందరూ బూజుగారంటారమ్మా. మీరూ అనేయండి, అసలు పేరుతో పిలిస్తే నాకే పలకాలనిపించదు" అన్నాడు.

ఏ ఆఫీసు, ఏ కాలం, ఏ ఉద్యోగం అని అడిగాడు. తెలిసింది చెప్పాను. గంటన్నర తర్వాత ఓ లావుపాటి రిజిస్టరు మోసుకొచ్చి బల్ల మీద పెట్టి, నా కంటే ముందు ఆయనే సంబరపడ్డాడు. ఉన్నాడు! 1881లో చేరిక, రైలు జంక్షను దగ్గర తంతి ఆఫీసులో సిగ్నలరు. 1907లో విరమణ. ఇరవై ఆరేళ్లు ఒకే కుర్చీ.

ఆ వరస మీద వేలు పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. మేమంతా ఇన్నేళ్లూ నోటితో చెప్పుకున్న మనిషి నిజంగానే ఉన్నాడు.

ల్యాబులో పక్కనున్న స్టూలు తన్నుకుని మోకాలు వాచింది. ఎవరు పెట్టారో అడ్డంగా.

జూన్ 19, గురువారం

వచ్చిన ప్రతి వార్తనీ సిగ్నలరు ముందు రిజిస్టర్లో రాసుకోవాలట. ఏడాదికొక పుస్తకం. బూజుగారు మా తాత పనిచేసిన ఆఫీసువి పన్నెండు దొరకబుచ్చుకున్నాడు.

ఇరవై రెండేళ్లుగా మైక్రోస్కోపులో ఒక కణానికీ ఇంకో కణానికీ తేడా చూడడమే నా పని. చేతిరాతలు కూడా అలాగే కనిపిస్తాయి. 1895 దాకా ఒకే రాత, సన్నగా, కుడివైపు వాలి. 1896 మొదట్లో ఆ రాత పెద్దదవుతుంది, గీత దాటి కిందికి జారుతుంది. పాపం, పాపం అనుకుంటూ పేజీలు తిప్పాను. ఆ ఏడు ఆగస్టు నాలుగు నుంచి ఇంకో రాత. గుండ్రంగా, నిలువుగా, గీత మీద కూర్చోబెట్టినట్టు. చూపు పోయిన మనిషి రాత అంత కుదురుగా మారదు. అది ఇంకొకరి చెయ్యి. సంతకం మాత్రం ఆయనదే, వంకరటింకరగా.

ఆహా, ఎంత గడుసువాడు! ఎవర్నో పక్కన పెట్టుకుని దొరల కళ్లు కప్పి నడిపించాడన్నమాట. నాకు నవ్వొచ్చింది. గర్వంగా కూడా అనిపించింది.

"ఈ పేజీ బాగా వెలిసిపోయిందండీ" అన్నాను బూజుగారితో.

ఆయన కళ్లజోడు తుడుచుకుని చూశాడు. "లేదమ్మా, సిరా నల్లగానే ఉంది."

ఆయనే బల్లని కిటికీ దగ్గరికి లాగి, కుర్చీ వేసుకుని, వేలు పెట్టి పైకి చదవడం మొదలుపెట్టాడు. "నా గొంతుకీ తుప్పు పట్టింది, ఇలాగైనా వదుల్తుంది" అన్నాడు. సాయంత్రం దాకా చదివాడు. ఎవరో చనిపోయిన కబుర్లు, ఎవరో పుట్టిన కబుర్లు, బయల్దేరాను, చేరాను, వెంటనే రా.

జూన్ 24, మంగళవారం

రాయాలి.

ఒక తాపీమేస్త్రి. శుక్రవారం జ్వరంతో వచ్చాడు. రక్తం స్లైడు నేనే చూశాను. మలేరియా లేదని రాశాను. ఆదివారం తెలివి లేకుండా మోసుకొచ్చారు. మధ్యాహ్నం డ్యూటీలో ఉండే మా చురుకు పిల్ల, అందరూ మిరపకాయ అంటారు, కొత్త స్లైడు తీసి చూసి, అనుమానం వచ్చి నా పాత స్లైడు కూడా వెతికి చూసిందట. ఉన్నాయి. మలేరియా క్రిములు, ఒకటి కాదు, పొలం నిండా చల్లినట్టు ఉన్నాయి.

మా ల్యాబు పెద్ద డాక్టరు మేడమ్. గదిలోకి పిలిచింది. "ఇరవై రెండేళ్లలో మీది ఇదే మొదటి పొరపాటు. నిద్ర సరిపోవడం లేదా? రెండ్రోజులు సెలవు తీసుకోండి" అంది.

అదే సందు. అప్పుడే చెప్పి ఉండాల్సింది.

నిద్ర సరిపోవడం లేదన్నాను.

జూన్ 25, బుధవారం

ఎవరికైనా జరుగుతుంది.

జూన్ 26, గురువారం

మేస్త్రికి తెలివొచ్చిందట. ఎవరికైనా జరుగుతుంది.

జూన్ 29, ఆదివారం

తమ్ముడింటికి భోజనానికి వెళ్లాం. మేనకోడలికి పందొమ్మిదేళ్లు. స్కూటరు నేర్చుకుంటోంది. నెలలో మూడుసార్లు పడిందని మోచేతులు చూపించింది.

"దిక్కులు చూస్తూ నడిపితే పడక ఏం చేస్తుంది? పక్కన బండి వస్తుంటే కనపడదూ?" అని తమ్ముడు కేకలేశాడు.

తర్వాత బాల్కనీలో నా పక్కన చేరి మెల్లగా అంది. "దిక్కులు చూడ్డం కాదత్తా. పక్కల్నుంచి వచ్చేవి ఉన్నట్టుండి పుట్టుకొస్తాయి. సినిమా హాల్లో నాకెప్పుడూ మెట్లు కనపడవు, ఫ్రెండ్సు చెయ్యి పట్టుకుంటా. నీకూ అంతేనా?"

నన్నెందుకు అడిగిందో తెలియదు. చూసి ఉంటుంది, అన్నం తినేటప్పుడు పక్కనున్న మంచినీళ్ల గ్లాసు నేను పడగొట్టడం.

"కళ్లజోడు పెట్టుకుంటే సరిపోతుందే" అన్నాను.

పిల్ల "అంతేలే" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ "అంతేలే" అన్న తీరు బాగాలేదు.

తంతి తాత కూడా ఎవరికీ చెప్పలేదు. ఆయన నెగ్గుకొచ్చాడు. ఆయనకి తప్పులు పోలేదు, అంతే తేడా.

జూలై 3, గురువారం

ఉన్నదున్నట్టు రాసిపెట్టుకోవాలి.

నేను వెళ్లేసరికి బూజుగారు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "రాతలు మారింది 1896లో కదమ్మా. ఆ ఏడు ఇన్‌స్పెక్టరు దొరకి వచ్చిన ఉత్తరాల కట్ట వేరే బీరువాలో ఉంటుందని నిన్న తట్టింది. నిచ్చెన వేసుకుని ఎక్కాను. మీ తాత మనల్ని మోసం చేశాడమ్మా" అని నవ్వుతున్నాడు. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

అర్జీ. మా తాత అర్జీ. 1896 జూలైలో రాసింది. ఇంగ్లీషులో ఉంది, గుండ్రటి రాతతో, కింద వంకర సంతకం. ఆయన ఒక్కో వాక్యం చదివి అర్థం చెబుతుంటే నేను తెలుగులో రాసుకున్నాను. దాన్నే ఇక్కడ ఎక్కిస్తున్నాను:

"అయ్యా, పదిహేనేళ్లుగా ఈ ఆఫీసులో సిగ్నలరుగా ఉన్నాను. నా చూపు చిన్నతనం నుంచి పక్కల వైపు తగ్గుతూ వస్తున్నది. నా తల్లికీ, ఆమె అన్నకూ ఇట్లాగే జరిగినది. ఇప్పుడు కాగితం మీది గీత కూడా నాకు ఆనడం లేదు. ఈ సంగతి తమరు మరొకరి నోట వినకముందే నేను చెప్పుకోవడం న్యాయమని తోచి రాయిస్తున్నాను.

గత నెల పన్నెండో తేదీన మందుల కోసం వచ్చిన ఒక వార్తలో ఒక అంకె తప్పు రాశాను. మా ఇల్లు ఆఫీసు గోడకు ఆనుకుని ఉన్నందున, నా భార్య వంట చేస్తూ ఆ చప్పుడు వినీ వినీ తంతి భాష నేర్చుకున్నది. ఆ రోజు తప్పును గోడ అవతల నుంచి పట్టుకున్నది ఆమే. కనుక కీడు జరగలేదు. మళ్లీ జరిగేదాకా ఊరకుండడం నా వల్ల కాదు.

అయితే తంతి చెవితో వినేదే గాని కంటితో చూసేది కాదు. నా చెవులు బాగున్నవి. ఆమె చేతిరాత తమరు చూస్తూనే ఉన్నారు. మమ్మల్నిద్దరినీ పరీక్షించండి. తప్పితే నేనే తొలగిపోతాను. నెగ్గితే, నేను చెప్పగా ఆమె రాసేందుకు అనుమతించండి."

బూజుగారు ఆగాడు. నేను ఇంకోసారి చదవమన్నాను. చదివాడు. నా తల్లికీ, ఆమె అన్నకూ. ఆసిడ్ లేదు. ప్రమాదం లేదు. దాచడమూ లేదు.

దానికి కుట్టిన ఇన్‌స్పెక్టరు రిపోర్టు కూడా ఉంది. దొర స్వయంగా వచ్చాడు. ఇంకో ఆఫీసు నుంచి అరవై వార్తలు వరసగా పంపించాడు, అంకెలు, అర్థంలేని అక్షరాలు కలిపి. తాత వింటూ పలికాడు, ఆవిడ రాసింది. అరవైలో ఒక్కటి తప్పు లేదు. మధ్యలో తాత మంచినీళ్లకి బయటికి వెళ్లినప్పుడు మిషను మళ్లీ కొట్టుకుందట. ఎవరూ చెప్పకుండానే ఆవిడ ఒక్కతే విని రాసి, అందిందని మీట నొక్కి తిరుగు జవాబు కూడా పంపేసి, తలొంచుకుని కూర్చుందని దొర రాశాడు. కింద ఆయన తేల్చింది: "ఇటువంటి ఏర్పాటుకు నిబంధన ఏదీ లేదు. వద్దనే నిబంధన కూడా నాకు కనబడలేదు. సాగనివ్వండి."

పదకొండేళ్లు సాగింది. 1901లో పందొమ్మిది రోజులు మార్జిను మీద "సిగ్నలరు జ్వరంతో ఉన్నారు" అని ఆవిడ రాతతో ఉంది. ఆ పందొమ్మిది రోజులూ తంతి ఆగలేదు. పేజీలన్నీ నిండుగా ఉన్నాయి.

"మా పెద్దత్త గోడ మీది చార్టులో ఈవిడ లేదండీ" అన్నాను.

"గోడ అవతల నుంచి తంతి నేర్చుకున్న మనిషిని గోడ మీద ఎక్కించకపోతే ఎలాగమ్మా" అన్నాడు బూజుగారు. చేతి తొడుగులు తీసేసి, అర్జీని రెండు చేతులతో ఎత్తి కట్టలో పెట్టాడు.

ఎంత గొప్పవాళ్లు! అనుకున్న దానికన్నా ఎంతో గొప్పవాళ్లు. బస్సు దిగి నడుస్తూ అదే అనుకుంటున్నాను. ఇంటి గేటు దగ్గరికొచ్చాక మాత్రం కాళ్లు సాగలేదు.

జూలై 4, శుక్రవారం

ఆయన ఒక అంకె తప్పు రాస్తే అర్జీ పెట్టుకున్నాడు.

నాది అంకె కాదు.

జూలై 5, శనివారం

పొద్దున్నే మేడమ్ గదికి వెళ్లాను. నిలబడే చెప్పాను, కూర్చుంటే మళ్లీ మాట మారుస్తానని.

"ఎప్పట్నుంచి?" అంది.

"డాక్టరు చెప్పి నెలైంది. నాకు తెలిసి రెండేళ్లు."

మేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడకి కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. "నెల రోజులు తెలిసీ స్లైడ్లు చూశారా? మేస్త్రి విషయంలో నేను నిద్ర గురించి అడిగితే అవునన్నారు. మీరు చూశారంటే నేను రెండోసారి చూడను, తెలుసుగా?"

తెలుసు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

కాసేపటికి, "ఈ నెల మీరు చూసినవన్నీ తీయండి" అంది. మిరపకాయ, మేడమ్, ఇద్దరూ కూర్చున్నారు. నేను పెట్టెల్లోంచి స్లైడ్లు అందించాను. సాయంత్రానికి సగం అయ్యాయి. ఇంకొకటి దొరికింది. ఆ పేషెంటుకి వెంటనే ఫోను చేశారు, మనిషి బాగానే ఉన్నాడు. మిరపకాయ నా వైపు చూడకుండా టీ తెచ్చి నా చేతికి ఆనించి పెట్టింది, గ్లాసు ఎక్కడుందో నేను వెతుక్కోకుండా.

తర్వాత మేస్త్రి మంచం దగ్గరికి వెళ్లాను. పుంజుకున్నాడు, రొట్టె తింటున్నాడు. మీకు జబ్బు లేదని తప్పు రాసింది నేనేనని చెప్పాను. నా కళ్ల సంగతి కూడా చెప్పాను.

రొట్టె పక్కన పెట్టాడు. "చచ్చేవాణ్ణమ్మా" అన్నాడు.

"అవును."

"నేనోసారి గోడ వంకర కట్టాను. ఇంటాయనకి తెలీలేదు. నాకు తెలుసు. పడగొట్టి మళ్లీ కట్టేదాకా అన్నం సయించలేదు." మళ్లీ రొట్టె అందుకున్నాడు. "ఇంక మీరు చూడకండి అవి."

చూడనని చెప్పాను. క్షమించానని ఆయన అనలేదు. అనమని నేనూ అడగలేదు.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. వింటూ చేతులకున్న గ్రీజు గుడ్డతో తుడుచుకుంటున్నాడు.

"నాకు రెండేళ్లుగా తెలుసోయ్."

"తెలుసా?"

"స్టూళ్లన్నీ గోడకి ఎందుకు చేర్చాననుకున్నావు? మెట్ల అంచులకి తెల్లరంగు అందం కోసమా? వంటింట్లో బల్బు రెండింతలది పెడితే, ఎండలా ఉందేంటండీ అని మురిసిపోయావు కూడా."

"మరి అడగలేదేం?"

"నువ్వు చెబుతావని." గుడ్డ పక్కన పడేసి, "అడిగితే లేదంటావని భయమేసింది. ఒకసారి లేదన్నాక మళ్లీ ఉందనడం కష్టం కదా" అన్నాడు.

ఇలాంటి మనిషితో ఇరవై ఐదేళ్లుగా ఉంటున్నాను. రంగుల పిచ్చి అని రాశాను ఈ పుస్తకంలోనే.

జూలై 13, ఆదివారం

తమ్ముడింట్లో అందరం. పెద్దత్తని కూడా ఆటోలో తీసుకెళ్లాను. నా సంగతి చెప్పాను. పిల్లని పరీక్ష చేయించాలన్నాను.

తమ్ముడి కంటే ముందు పెద్దత్తే లేచింది. "నీకొచ్చిందని పిల్లకి అంటగడతావా? రేపు దానికి సంబంధం ఎవరు తెస్తారే? మన వంశంలో అలాంటివి లేవని చెప్పానా లేదా?"

నేను తెలుగులో రాసుకున్న అర్జీ కాగితం తీసి మేనకోడలి చేతికిచ్చాను. చదవమన్నాను. పిల్ల కిటికీ దగ్గరికి జరిగి, గొంతు సవరించుకుని, బళ్లో చదివినట్టు చదివింది. "నా తల్లికీ, ఆమె అన్నకూ" దగ్గర ఆగింది. ఆ వాక్యం మళ్లీ చదివింది, ఈసారి తనకోసం. తర్వాత మిగతాది.

అయిపోయాక కాగితం మడిచి నాకు తిరిగిచ్చింది.

"ఆసిడ్ అని మా నాన్నే చెప్పాడు" అంది పెద్దత్త. ఆవిడ గొంతు అంత చిన్నగా ఉండగా నేనెప్పుడూ వినలేదు. "ఆయనా దీపాలు పెట్టాక కుర్చీ దిగేవాడు కాదు. పెద్దమనిషి దర్జా అనుకునేవాళ్లం." ఒళ్లో చేతులు నలుపుకుంటూ కూర్చుంది. "మీ నాన్నని బడి నుంచి నేనే తీసుకొచ్చేదాన్ని. మునిమాపు వేళకి వాడికి సందులో ఏమీ కనపడేది కాదు. నా చెయ్యి పట్టుకుని, అక్కా గుంట ఉందా, అక్కా గుంట ఉందా అని అడుగుతూ నడిచేవాడు. ఎవరికీ చెప్పొద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది. నాకు పన్నెండేళ్లు అప్పుడు. డెబ్బై ఒక్కేళ్లయింది."

నాన్న పెళ్లాం మీద ప్రేమతో ఇల్లు చేరేవాడని అందరూ నవ్వేవాళ్లు. నాన్న కూడా నవ్వేవాడు.

పెద్దత్త మీద కోపం రావాలి. రాలేదు. పన్నెండేళ్ల పిల్ల తమ్ముణ్ణి గుంటలు తప్పించి ఇంటికి చేర్చిన సంగతి చార్టులో ఏ ఆకు మీద రాయాలి?

మేనకోడలు వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంది. "నాకు సంబంధం సంగతి తర్వాత నానమ్మా. ముందు నాకేముందో నాకు తెలియాలి. దిక్కులు చూస్తున్నానని తిట్లు తింటున్నా."

తమ్ముడు అప్పుడు ఏడ్చాడు.

జూలై 24, గురువారం

పిల్లకి ఉంది. మొదటి దశ.

గిన్నె మిషన్లోంచి తల తీసి, "చాలా చుక్కలు నాకు పంపకుండా దాచుకుంటున్నారు కదండీ మీరు" అంది డాక్టరుతో. ఈసారి ఆయన నవ్వాడు. తర్వాత ప్రశ్నలు కురిపించింది. ఎన్నేళ్లు? ఏం చదవొచ్చు? స్కూటరు పూర్తిగా మానెయ్యాలా? ఆయన ఏదీ దాచలేదు. స్కూటరు మానెయ్యాలి. చూపు చాలా ఏళ్లు నిలవొచ్చు, నిలవకపోవచ్చు. ఏటా చూపించుకోవాలి. మందు ఇంకా లేదు, వెతుకుతున్నారు. చదువుకి ఏ అడ్డూ లేదు.

నేను గీసుకెళ్లిన వంశవృక్షం డాక్టరుకిచ్చాను. తంతి తాత తల్లి దగ్గర మొదలుపెట్టి పిల్ల దాకా ఏడు తరాలు. "ఇంత వెనక్కి ఎవరూ తేలేదమ్మా" అన్నాడు. తాత తన అర్జీలో రెండు ముక్కలు దాచుకోకుండా రాసింది నూట ముప్పై ఏళ్ల తర్వాత ఒక డాక్టరుకి పనికొచ్చింది.

బయటికొచ్చాక పిల్ల స్కూటరు తాళం వాళ్ల నాన్న జేబులో వేసింది. ఆటోలో నా భుజం మీద తల పెట్టుకుంది, అంతే.

ఆగస్టు 10, ఆదివారం

ల్యాబులో ఇప్పుడు రక్తం తీసే చోట ఉన్నాను. నరం వేలి కొసకి తెలుస్తుంది. కొత్తగా చేరిన వాళ్లకి కూడా నేర్పమంది మేడమ్. ఆవిడ కోపం పూర్తిగా పోలేదు. పోవాలని నేను కోరుకోవడమూ లేదు.

ఇవాళ సెలవైనా బూజుగారు పర్మిషన్ తీసుకుని రికార్డుల ఆఫీసు తెరిచాడు. అక్కడి అద్దాల బీరువాలో తెల్లదొరల కాలం తంతి మిషను ఒకటుందట. ఆఖరి రోజుల్లో తంతి పని చేసిన ఓ పెద్దాయన్ని వెతికి పట్టుకుని పిలిపించాడు. మేనకోడలు రావాల్సిందేనని పట్టుబట్టింది.

పెద్దాయన తీగలు బిగించి, బ్యాటరీ తగిలించి, ఇత్తడి మీట మీద వేలు పెట్టాడు. టక్, టక్టక్, టక్. పిల్ల రెండు నిమిషాలు విని, "ఇలా కాదు" అని లేచింది. కాగితం, పెన్సిలు పట్టుకుని పక్కగదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

గోడ అవతల నుంచి కేకేసింది. "కొట్టండి తాతగారూ!"

ఆయన కొట్టాడు.

"ఏమీ వినపడట్లేదు!"

"చెవి గోడకి ఆనించమ్మా" అన్నాడు.

మళ్లీ కొట్టాడు. ఈసారి అటు నిశ్శబ్దం. కాసేపటికి తలుపు తీసుకుని వచ్చింది. చెంప మీద సున్నం అంటుకుని ఉంది. "ఇంత చిన్న చప్పుడా అత్తా! గిన్నెల మోతలో, పొయ్యి ముందు కూర్చుని, ఎవరూ నేర్పకుండా దీన్ని నేర్చుకుందా ఆవిడ?"

కాగితం పెద్దాయనకి చూపించింది. ఆయన చుక్కలూ గీతలూ పైనుంచి కిందికి చూసి తల అడ్డంగా ఊపాడు. "పద్నాలుగు అక్షరాలు పంపాను. మూడు సరిగా వచ్చాయి."

"మూడొచ్చాయా?" అంది పిల్ల. కాగితం వెనక్కి తిప్పింది. మళ్లీ పక్కగదిలోకి వెళ్లింది. తలుపు మూసింది.

"ఇంకోసారి, మెల్లగా!"

పెద్దాయన మీట మీద వేలు పెట్టాడు. బూజుగారు, నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాం, చప్పుడు అటు వెళ్లాలని.